సభలో ప్రశ్నకు చోటు

పండితులు, అధ్యాపకులు అప్పుడప్పుడు ఒకచోట సమావేశమై తమ పరిశోధనలను చర్చించుకోవడం మనకు కొత్త కాదు. అఖిల భారత ప్రాచ్య విద్యా సమ్మేళనం తొలిసారి 1919లో పుణెలో జరిగింది. 1940లో తిరుపతి దానికి వేదికైంది. ఇటువంటి సభల సాఫల్యం వేదికాలంకరణలో లేదు. కార్యక్రమ పత్రంలో ఉంది.

ఒకసారి అధ్యాపకుల సదస్సుకు ఆ పత్రాన్ని రూపొందించే బాధ్యత నాపై పడింది. ఉదయం పది నుండి సాయంత్రం ఐదు వరకు ఏడు గంటలు. భోజన విరామం పోగా 360 నిమిషాలు. వచ్చిన వ్యాసాలు 24. ఒక్కొక్కదానికి 15 నిమిషాలని పంచి, లెక్క కుదిరిందని సంతోషించాను. ప్రారంభోత్సవాన్ని మాత్రం మరచాను! జ్యోతి ప్రజ్వలనం, స్వాగత వచనాలు, శాలువాలు ముగిసేసరికి గంటన్నర గడిచింది. ఆ లోటును భరించినవారు జాబితా చివరనున్న యువ పరిశోధకులు. నాలుగేళ్లు తాళపత్ర ప్రతులతో శ్రమించిన ఒక విద్యార్థినికి దక్కినవి ఐదు నిమిషాలే. ఆమెను ఒక్క ప్రశ్న అడిగే వ్యవధి కూడా ఎవరికీ లేకపోయింది.

మన శాస్త్ర గ్రంథాల పద్ధతి వేరు. ఎదుటివారి ఆక్షేపణను పూర్వపక్షంగా నిలిపి, దానికి సమాధానం చెప్పిన తరువాతనే శాస్త్రకారుడు తన సిద్ధాంతాన్ని స్థాపిస్తాడు. సదస్సులో ఆ పూర్వపక్షం శ్రోత వేసే ప్రశ్నయే. కనుక ప్రారంభోత్సవాన్ని అరగంటకు, వ్యాసాలను పన్నెండింటికి పరిమితం చేసి, ప్రతి వ్యాసానికీ చర్చ నిమిత్తం పది నిమిషాలు ముందుగానే కేటాయించాలి. తక్కిన వ్యాసాలను ముద్రించి పంచవచ్చు. వేదికపై తమకు చోటు దక్కలేదని పెద్దలు కొందరు అలుగుతారు. నేనూ ఆ వయసువాడినే; వారిని సముదాయించే పని నాకు అప్పగించండి.