పదపరిచయము: కొలోసల్

గాంధీనగరమునుండి ఒక సోదరి వ్రాసిన లేఖ మా ముందున్నది. ఆమె ప్రభుత్వోద్యోగ పరీక్షలకై చదువుచున్నది. తన తల్లినిగూర్చి ఆంగ్లమున వ్యాసము వ్రాయుచు, ముగ్గురు బిడ్డలను ఒంటరిగా పెంచిన ఆ తల్లి ఓర్పునకు ‘కొలోసల్’ అను విశేషణమును చేర్చినదట. ఉపాధ్యాయుడు ఆ మాటను కొట్టివేసి, దానిపై ‘ఇమ్మెన్స్’ అని వ్రాసి యిచ్చెనట. “నిఘంటువులో రెండింటికిని ‘మిక్కిలి పెద్దదైన’ అనియే అర్థము కనబడుచున్నది. మా అమ్మ ఓర్పునకు నేనెన్నుకొన్న మాట యేల తగదు?” అని ఆమె ప్రశ్న.

దిద్దుబాటు సరియైనదే. కాని కారణము చెప్పక గీత గీసిపోవుట బోధన యనిపించుకొనదు. నిఘంటువు మాటకు అర్థమును చెప్పును గాని, ఆ మాట ఏ యింట పుట్టినదో, ఎవరితో వియ్యమందునో తఱచుగా చెప్పదు. సోదరి అడిగినది ఆ సంగతియే.

గ్రీకుల భాషలో ‘కొలోస్సోస్’ అనగా మొదట ప్రతిమయే. చిన్న ప్రతిమలకును ఆ పేరు చెల్లినది. రోడ్సు ద్వీపవాసులు క్రీ.పూ. 280 ప్రాంతమున తమ సూర్యదేవునికొక కంచు విగ్రహమును నిలిపిరి. దానిని నిర్మించినవాడు లిండోస్ పురవాసియైన ఖారెస్. ఎత్తు 70 మూరలు, అనగా సుమారు 33 మీటర్లు. అఱువది యేండ్లయిన నిండకమునుపే, క్రీ.పూ. 226 ప్రాంతమున, భూకంపము వచ్చి దానిని కూలద్రోసినది. నేలబడిన ఆ విగ్రహపు బొటనవ్రేలిని చేతులు చాచి చుట్టగలవారు కొందఱేయని రోమను గ్రంథకర్త ప్లినీ వ్రాసినాడు. ఈ విగ్రహము పేరు మ్రోగిన పిమ్మట ఆ మాటకు పెద్దతనము అంటుకొని విడువలేదు. రోమునగరమందలి కొలోసియమునకు ఆ పేరు వచ్చుటకును, దాని చెంత నిలిచియుండిన నీరో చక్రవర్తి మహావిగ్రహమే కారణమందురు. కనుక కొలోసల్ అను మాట విగ్రహముల యింటి ఆడపడుచు. ఎత్తు, బరువు, చూపఱులు తలయెత్తి నిలిచిపోవుట, ఇవి దాని పుట్టింటి లక్షణములు. పలుకునప్పుడు రెండవ అక్షరమును ఊది పలుకవలెను.

గాంధీనగరవాసులకు ఈ మాట తెలిసికొనుటకు రోడ్సుదాక పోనక్కఱలేదు. ఇందిరా పార్కు దాటి హుస్సేన్ సాగరపు గట్టెక్కిన చాలును. (ఈవలి గట్టున నిలిచిన ఆవలి గట్టు కనబడు చెరువునకు సాగరమని పేరిడుట మన పెద్దల ఉదారత!) నీటి నడుమ నున్న బుద్ధవిగ్రహము 58 అడుగుల ఎత్తు గలది. భువనగిరి చెంత రాయగిరి కొండనుండి తెచ్చిన ఒకే తెల్లని రాతిని తొలిచిరి. బరువు 300 టన్నులకు పైమాట. 1990 మార్చిలో దానిని నీటిమీద చేర్చుచుండగా, మోయుచున్న బల్లకట్టు ఒరిగి విగ్రహము చెరువులో మునిగినది. వెంట నున్నవారిలో కొందఱు ప్రాణములు గోల్పోయిరి. రెండేండ్లకు పైగా నీటి యడుగున పడియుండి, 1992 డిసెంబరు 1వ తేదీన అది తన పీఠముపై నిలిచినది. ఇటీవల 2023 ఏప్రిల్ 14న అదే చెరువు చెంత ఆవిష్కరింపబడిన అంబేడ్కరు విగ్రహము 125 అడుగులది. పీఠము ఎత్తు వేఱు. అనగా రోడ్సువారి విగ్రహముకంటెను మిన్న. వీనిలో దేనినైనను కొలోసల్ అనవచ్చును. ఏ ఉపాధ్యాయుడును గీత గీయడు.

విగ్రహము గాని వస్తువులకును ఈ మాట పోవును. కొలోసల్ వ్యయము, కొలోసల్ పొరపాటు, కొలోసల్ వైఫల్యము అని ఆంగ్లేయులు విరివిగా వాడుదురు. అచ్చటను ఏదో పెద్ద బరువు కూలినట్టి చప్పుడు వినబడును. 1990 నాటి ఘటనలో మోయు ఉపాయము చెడుటను కొలోసల్ వైఫల్యమనుట సాధువే. పోయిన ప్రాణములపట్ల మాత్రము ఆ మాట వాడుట నాకు సమ్మతము గాదు; అది రాతికి తగినది.

ఇక తల్లి ఓర్పు. ఆంగ్లమును ప్రక్కన బెట్టి తెలుగు చెవితో వినుడు. భారీ విగ్రహమందుము, భారీ నష్టమందుము, భారీ వర్షమందుము. భారీ ఓర్పు అని యేయింటనైనను విన్నారా? భారీ అను మాటకు భారముతో చుట్టఱికము. ఓర్పు మోయునదే గాని తూగునది కాదు. అచ్చట మనము ‘అపారమైన ఓర్పు’ అందుము. పారమనగా ఆవలి గట్టు. గట్టు కనబడనిది అపారము. ఉపాధ్యాయుడు వ్రాసిన ‘ఇమ్మెన్స్’ దీనికి అక్కచెల్లెలు. లాటిను భాషలో దాని అర్థము ‘కొలువబడనిది’. మన ‘అమేయము’ సరిగా ఆ మాటయే. కొలోసల్ అనినపుడు మూరలు లెక్కింపవచ్చును. ముగ్గురిని పెంచిన తల్లి ఓర్పును ఏ మూరతో కొలుతుము? కొలోసల్ అని వ్రాసినందున వ్యాకరణము చెడదు గాని, ఆమె తన తల్లిని చెరువు నడుమ రాతిపీఠముపై నిలిపినట్లగును.

ఈ పొరపాటునకు మన వీథులును కొంత కారణము. ఆర్.టి.సి. క్రాస్ రోడ్డు సినిమా గోడపత్రికలను చూడుడు. ప్రతి చిత్రమును భారీ, ప్రతి విజయమును బ్రహ్మాండము. బ్రహ్మాండమనగా సకల లోకములు నిమిడిన గ్రుడ్డు. దానిని ఒక వారము ఆడు ఆటకు తగిలించిన పిమ్మట, నిజముగా గొప్పదానికి మాట యెక్కడ దొరకును?

ఇదే వంశములోని మఱి కొన్ని మాటలు చెప్పెదను. ‘గార్గాంచువన్’ అనునది 16వ శతాబ్దపు ఫ్రెంచి రచయిత రాబెలే కల్పించిన గార్గాంచువా అను రాక్షసాకారునినుండి వచ్చినది. శైశవమున వానికి పాలీయ 17,913 ఆవులు కావలసివచ్చెనట! కావున తిండి, ఆకలి, విందు వీనికే అది చక్కగా అతుకును. మాయాబజారు (1957) చిత్రమున ఘటోత్కచుని భోజనము చూచినవారికి వేఱు వివరణ మక్కఱలేదు. ‘వాస్ట్’ అనగా మొదట శూన్యమైన బయలు. మైదానమునకు, సముద్రమునకు చెల్లును గాని ఏనుగునకు చెల్లదు.

‘ఎనార్మస్’ అను మాటలో వడ్రంగి మూలమట్టము దాగియున్నది. ఆ మట్టమునకు లాటినులో ‘నార్మ’ యని పేరు. దానిని మీఱినది ఎనార్మస్. అది నేడు పెద్దదనమునకే వాడబడుచున్నది. కాని దాని తోబుట్టువగు ‘ఎనార్మిటి’లో మట్టము తప్పిన నడతయను పాత అర్థము ఇంకను బ్రదికియున్నది. నేరమునకు, ఘోరమునకు దానిని వాడుదురు. కొత్త యింటిని చూడవచ్చి, ఆ యింటి ఎనార్మిటిని మెచ్చుకొన్నచో, భాష తెలిసిన గృహిణి నొచ్చుకొనవచ్చును.