విందుకో పెద్ద

టిబిలిసి నగరాన్ని ఆనుకుని ఉన్న కొండమీద ఇరవై మీటర్ల ఎత్తు అల్యూమినియం స్త్రీ విగ్రహం ఒకటుంది. నగరానికి పదిహేను వందల ఏళ్లు నిండిన సందర్భంగా 1958లో నిలబెట్టారు. పేరు కార్ట్‌లిస్ దేదా, జార్జియా తల్లి. ఎడమచేతిలో వైన్ గిన్నె, కుడిచేతిలో కత్తి. చుట్టంగా వచ్చినవాడికి గిన్నె, కయ్యానికి వచ్చినవాడికి కత్తి. తమ మర్యాద ఏమిటో రాజధాని అంతటికీ కనిపించేలా చెప్పుకున్న జాతి అది.

ఆ గిన్నె కొన్నేళ్లుగా మనవాళ్లకూ అందుతోంది. దుబాయ్‌లోనో షార్జాలోనో విమానమెక్కితే మూడున్నర గంటల్లో టిబిలిసి. ఎమిరేట్స్‌లో 2022 జనవరి నుంచి సర్కారు వారాంతపు సెలవు శుక్రవారం మధ్యాహ్నం మొదలై ఆదివారంతో ముగుస్తోంది. ప్రైవేటు కంపెనీలూ చాలావరకు శని ఆదివారాలకే మారాయి. దాంతో అక్కడ ఉద్యోగాలు చేసుకునే తెలుగువాళ్లు నలుగురైదుగురు కూడబలుక్కుని శుక్రవారం రాత్రి బయల్దేరి, ఆదివారం రాత్రికి తిరిగొచ్చేస్తున్నారు. టిబిలిసిలో వైద్యం చదివే మన పిల్లలు ఎలాగూ ఉన్నారు. రుస్తావెలి వీధిలో నడుస్తుంటే తెలుగు మాట చెవినపడటం ఇప్పుడు వింతేమీ కాదు.

వెళ్లడం సంతోషమే. వెళ్లే తీరు మీదే నాకు పేచీ. శనివారం తెల్లారకముందే కజ్‌బెగి కొండలకు పరుగు, రానూపోనూ ఆరేడు గంటలు కారులోనే. ఆదివారం పొద్దున్న ద్రాక్షతోటల సీమ కాఖేతిలో రెండు వైన్ ఫ్యాక్టరీలు, ఒక్కోచోట అరగంట, చిన్న గ్లాసుల్లో నాలుగు రుచులు, బోలెడు ఫొటోలు. భోజనానికి మాత్రం టిబిలిసి తిరిగొచ్చి ఇండియన్ రెస్టారెంట్లో బిర్యానీ. శనివారం రాత్రి హోటల్ గదిలో డ్యూటీఫ్రీ సీసా. ఇంత ఖర్చు పెట్టుకుని వెళ్లి, ఎనిమిది వేల ఏళ్లుగా వైన్ చేస్తున్న నేలమీద కూర్చుని చిప్స్ నంజుకుంటూ విస్కీ తాగి రావడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఎనిమిది వేల ఏళ్లన్నది గొప్పకు చెప్పిన లెక్క కాదు. టిబిలిసికి దక్షిణాన గదాచ్రిలి గోరా, షులావెరిస్ గోరా అనే పాటిదిబ్బల్లో తవ్విన కుండపెంకుల మీద ద్రాక్ష వైన్ ఆనవాళ్లు దొరికాయని 2017లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. క్రీ.పూ. 6000 ప్రాంతం నాటివవి.

మేం నలుగురం వెళ్లినప్పుడు శనివారమంతా కాఖేతిలో ఒకే ఇంట్లో గడిపాం. గొంబోరి కనుమ దాటి తెలావి వైపు దిగితే ఎదురుగా అలజాని లోయ, దానికి ఆవల మంచు కప్పుకున్న కాకసస్ వరుస. ఇంటివెనక మారని, అంటే వైన్ చేసే కొట్టు. లోపల నేలంతా గుండ్రటి మూతలే. ఒక్కో మూత కింద మూతిదాకా పాతిపెట్టిన కోడిగుడ్డు ఆకారపు మట్టిగోలెం. దాన్ని క్వెవ్రి అంటారు. లోపలివైపు తేనెమైనం పూస్తారు. తొక్కిన ద్రాక్ష రసంతోపాటు తొక్కలు, గింజలు, కాడలు కూడా అందులోనే వేసి పులియనిచ్చి, మూత పెట్టి చుట్టూ బంకమట్టి మెత్తుతారు. అయిదారు నెలలు నేల చల్లదనమే దాన్ని కాపాడుతుంది. వసంతంలో తెరిచేసరికి తెల్లద్రాక్ష రసం కాస్తా ముదురు తేనెరంగుకు తిరిగి ఉంటుంది. ఇంటాయన మూత తీసి, పొడుగాటి కర్రకు బిగించిన సొరబుర్రతో తోడి మా గ్లాసుల్లో పోశాడు. మొదటి గుక్కకే నాలుకకు వగరు తగిలింది, తొక్కల్లోంచి కాడల్లోంచి దిగిన వగరు. మాలో ఇద్దరికి అది నచ్చలేదు. భోజనం వచ్చాక నచ్చింది.

ఎందుకంటే ఆ వైన్ తిండితో కలిసి పెరిగింది. చీజ్ కూరి కాల్చిన వేడి ఖచపురి తిని ఒక గుక్క తాగితే నోట్లోని జిడ్డునంతా ఆ వగరు కడిగేస్తుంది. వంకాయను పల్చటి బద్దలుగా కోసి వేయించి, వాల్‌నట్లూ వెల్లుల్లీ నూరిన ముద్ద పెట్టి చుట్టి, పైన దానిమ్మ గింజలు చల్లిన బద్రిజాని వచ్చింది. పాలకూరతో ఒకటి, బీట్‌రూట్‌తో ఒకటి, అదే వాల్‌నట్ ముద్ద కలిపిన ఫ్ఖాలి. మట్టికుండలో ఉడికించిన రాజ్మా, పక్కన మొక్కజొన్న రొట్టె. ద్రాక్షతీగల పుల్లల నిప్పుమీద కాల్చిన మాంసం, దానికి తోడు పుల్లటి ఆల్‌బుఖారా పచ్చడి, త్‌కెమలి. అన్నిట్లోనూ కొత్తిమీర ధారాళంగా, మెంతి జాతి మసాలా ఒకటి సన్నగా. పులుపు, వగరు, వెల్లుల్లి తెలిసిన తెలుగు నాలుకకు ఇందులో పరాయితనం చాలా తక్కువ. కారం చాలదనుకుంటే అజిక అడగండి, ఎండుమిరప ముద్ద తెచ్చి పెడతారు. శాకాహారులూ భయపడక్కర్లేదు. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు మాంసం, పాలు, గుడ్లు ముట్టని ఉపవాస దినాలు ఏడాదిలో చాలా ఉన్నాయి, ఆ రోజుల కోసం పుట్టిన వంటలే బోలెడు. చివర్లో చుర్చ్‌ఖేలా. దారానికి గుచ్చిన వాల్‌నట్లను, పిండి కలిపి చిక్కగా కాచిన ద్రాక్షరసంలో ముంచి ఆరబెడతారు, మనం మామిడి తాండ్రను పొరమీద పొర పోసి ఎండబెట్టినట్టు.

ఈ విందును సుప్రా అంటారు. దానికో పెద్ద ఉంటాడు, తమదా. అతను నోరు విప్పేదాకా ఎవరూ గ్లాసు ఎత్తరు. ఒక్కో విడతకు ఒక్కో విషయం: శాంతి, దేశం, అతిథులు, తల్లిదండ్రులు, పోయినవాళ్లు, పిల్లలు. అతను నాలుగు మాటలు చెప్పాక బల్ల చుట్టూ ఉన్నవాళ్లు తమ మాట కలుపుతారు. అప్పుడు ‘గౌమర్జోస్’ అని తాగుతారు. విడతకూ విడతకూ మధ్య తినడం, మాట్లాడుకోవడం, పాడుకోవడం. మూడు గొంతులు కలిసే వాళ్ల పాటల్లో ‘చక్రులో’ అనే కాఖేతి విందుపాటను 1977లో వాయేజర్ నౌకల బంగారు రికార్డులో పెట్టి అంతరిక్షంలోకి పంపారు. తమదా ప్రతి విడతకూ తాగాలి, తూలితే మాత్రం పరువు పోయినట్టే. అందుకే ఆ బాధ్యత అందరికీ ఇవ్వరు.

మా తమదా ఇంటాయనే. ఆయన జార్జియన్‌లో చెప్తుంటే కూతురు ఇంగ్లిష్‌లో చెప్పింది. పోయినవాళ్ల వంతు వచ్చినప్పుడు అందరం లేచి నిలబడ్డాం. ఆయన రొట్టెముక్క మీద రెండు చుక్కల వైన్ వంచి మావైపు చూశాడు. మాలో ఒకడి నాన్న కోవిడ్ మొదటి వేసవిలో పోయారు. విమానాలు లేక వాడు దుబాయ్ నుంచి రాలేకపోయాడు. ఆ సంగతి మాకు తెలుసు, వాడు దాని గురించి మాట్లాడగా మాత్రం ఎన్నడూ వినలేదు. ఆ బల్ల దగ్గర మాట్లాడాడు. ఖమ్మంలో వాళ్ల నాన్న నడిపిన సైకిల్ షాపు గురించి, ఫోన్‌లో చూసిన దహనం గురించి, తెలుగులోనే. ఇంటాయనకు ఒక్క ముక్కా తెలియదు. అయినా పూర్తయ్యేదాకా గ్లాసు పట్టుకుని నిలబడే ఉన్నాడు. తర్వాతి విడత పిల్లల పేరు మీద. పోయినవాళ్లను తలుచుకున్నాక బతుకును తలుచుకోవాలట.

మన దగ్గర స్నేహితులు కూడితే సీసా ముందు తెరుస్తారు, తిండి తర్వాత వస్తుంది, మనసులో మాట అర్ధరాత్రికి గానీ బయటికి రాదు. అప్పటికి దాన్ని వినే స్థితిలో ఎవరూ ఉండరు. పర్మిట్ రూంలో నిలబడి పది నిమిషాల్లో గొంతులో పోసుకునే తాగుడైతే ఇంకా అన్యాయం. ఇంట్లో ఆడవాళ్లకు తెలియకుండా తాగడం మనకు అలవాటైపోయింది. కాఖేతిలో ఇంటావిడ, కూతురు, కోడలు అదే బల్ల దగ్గర కూర్చుని తమ వంతు వచ్చినప్పుడు తమ మాట చెప్పారు. నేనెవర్నీ తాగమనడం లేదు. మాలో ఒకరు మద్యం ముట్టరు, తార్హున్ అనే పచ్చటి సోడాతో ప్రతి విడతకూ గ్లాసెత్తారు, తమదా ఆదరంగా తలూపాడు. అక్కడ మాటకే పెద్దపీట, అందుకే తాగనివాళ్లూ బల్ల దగ్గర సమానులే.

మనకింత తేలిగ్గా దొరుకుతున్న ఆ విందు వెనక వాళ్ల కష్టం ఉంది. జార్జియాకు సొంతమైన ద్రాక్ష రకాలు అయిదు వందల పైమాటే. సోవియట్ ఫ్యాక్టరీలకు దిగుబడే ముఖ్యం కాబట్టి కొద్ది రకాలే సాగులో మిగిలాయి. 1985లో గోర్బచేవ్ మద్య వ్యతిరేక ఉద్యమం వచ్చి తోటలకు తోటలే పెరికించారు. 2006లో రష్యా జార్జియా వైన్ దిగుమతిని నిషేధించింది. అతిపెద్ద గిరాకీ ఒక్కసారిగా పోయింది, ఆ నిషేధం 2013 దాకా తొలగలేదు. ఆ మధ్యకాలంలోనే వాళ్లు వేరే దేశాల కొనుగోలుదారుల కోసం నాణ్యత మీద పడ్డారు. క్వెవ్రి పద్ధతికి 2013లోనే యునెస్కో గుర్తింపు వచ్చింది. అన్నేళ్లూ దాన్ని బతికించినవి పెరట్లోని మారనులే. ఆ ఇళ్లలో కూర్చుని తింటే మన డబ్బు నేరుగా వాళ్లకే చేరుతుంది.

కాఖేతిలో ద్రాక్షకోత సెప్టెంబరులో మొదలై అక్టోబరు దాకా సాగుతుంది. దాన్ని ర్త్‌వేలి అంటారు. వెళ్తే అప్పుడే వెళ్లండి, కోతలో చెయ్యి కలపనిస్తారు. బసలు త్వరగా నిండిపోతాయి కాబట్టి ముందే పట్టుకోండి. కారు మీరు నడపకండి, డ్రైవర్‌ను మాట్లాడుకోండి. మారని ఉన్న ఇంటివాళ్లకు రెండు మూడు రోజుల ముందే భోజనానికి చెప్పాలి. చెప్పకుండా వెళ్తే వైన్ దొరుకుతుంది, సుప్రా దొరకదు. మీలో బాగా మాట్లాడేవాళ్లను, తూలనివాళ్లను చూసి బయల్దేరేముందే ఒక తమదాను ఎన్నుకోండి. ఆ శనివారానికి ఇంకో పని పెట్టుకోకండి.