ఆది జాకెట్టు

మా ఆవిడ దర్జీకి గుడ్డ ఇచ్చేటప్పుడు దానితోపాటు తన పాత జాకెట్టు ఒకటి ఇస్తుంది. దాన్ని ఆది జాకెట్టు అంటారని ఈ పేజీ చదివే ఇల్లాళ్లకు నేను చెప్పనక్కరలేదు. మగవారికోసం చెబుతున్నాను. ఆది ఇవ్వకుండా వట్టి గుడ్డ పడేసి వస్తే దర్జీ కుట్టడం మానడు. తనకు తోచిన కొలతకి కుట్టి, ఇస్త్రీ చేసి మరీ ఇస్తాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. తొడుక్కోబోతే గదా తెలిసేది!

పాతికేళ్లుగా కంప్యూటరు ప్రోగ్రాములు రాసి పొట్టపోసుకుంటున్న నాకు ఈ చిన్న సంగతి మా అమ్మ పాటల పుస్తకం ధర్మమా అని మొన్నీమధ్యనే ఒంటబట్టింది.

మా అమ్మ దగ్గర ఒక పాటల నోటుబుక్కు ఉంది. మొదటి సగం మా అమ్మమ్మ దస్తూరీ, రెండో సగం అమ్మది. మంగళహారతులు, తలుపు దగ్గర పాటలు, అప్పగింతలు, లాలిపాటలు, సీమంతం పాటలు అన్నీ కలగాపులగంగా ఉంటాయి. కాగితాలు ముట్టుకుంటే పెళుసులు ఊడుతున్నాయి. పైగా రెండేళ్లుగా అమ్మకి చూపు మందగించింది. చేతిరాత ఆనడం లేదు. ఫోనులో అక్షరాలు పెద్దవి చేసి ఇస్తే మాత్రం హాయిగా చదువుకుంటుంది. అంచేత మా అమ్మాయి వేసవి సెలవుల్లో కూర్చుని పాటలన్నీ టైపు చేసింది. వాటిని ఫోనులో పెట్టి, ఒక మాట కొడితే ఆ మాట ఉన్న పాటలన్నీ వచ్చేలా చేసే పూచీ నాది.

"ఆదివారం తునిలో దొడ్డమ్మ మనవరాలి సీమంతంరా. నేను శుక్రవారం సాయంత్రం రైలుకి వెళ్లాలి. ఈ లోపున అవుతుందా?" అంది అమ్మ.

"అదెంత పని!" అన్నాను. ఇలా అన్న ప్రతిసారీ నాకు రెండు రాత్రుళ్ల నిద్ర పోతూ ఉంటుంది.

పని తేలికని నేను అనుకోవడానికి కారణం లేకపోలేదు. పదిహేనేళ్ల క్రితం తెలుగు మాటలు వెతికే ప్రోగ్రామొకటి సీ భాషలో రాసుకున్నాను. దీర్ఘం తప్పినా, 'ళ' బదులు 'ల' కొట్టినా అది సరైన మాటను పట్టుకుంటుంది. దాన్ని మళ్లీ మొదటినుంచీ రాయకుండా ఉన్నదున్నట్టు ఫోనులోకి ఎక్కిద్దామని నా ఆలోచన.

ఇక్కడ కొంచెం వివరం చెప్పాలి. మనిషి రాసిన ప్రోగ్రాము యంత్రానికి నేరుగా అర్థం కాదు. దాన్ని యంత్రభాషలోకి మార్చేదాన్ని కంపైలరు అంటారు. 1952లో గ్రేస్ హాపర్ అనే అమెరికన్ విదుషీమణి తయారుచేసిన ఏ-0 ఈ జాతిలో మొదటివాటిలో ఒకటి. ప్రోగ్రాము గుడ్డ అయితే కంపైలరు దర్జీ. చిక్కల్లా ఏమిటంటే, యంత్రాలన్నిటిదీ ఒక్క ఒళ్లు కాదు. నా ల్యాప్‌టాప్ 1978లో ఇంటెల్ కంపెనీ చేసిన 8086 వంశానిది. మన ఫోన్లలో దాదాపు అన్నీ 1985లో ఇంగ్లండులోని ఏకార్న్ కంపెనీలో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అనేవారు రూపొందించిన ఆర్మ్ వంశానివి. ఒకరి జాకెట్టు ఒకరికి పట్టదు. అంటే నేను ఇంటెల్ ఇంట్లో కూర్చుని ఆర్మ్ ఒంటికి కుట్టించాలి. ఇందుకోసం 2009 నుంచీ గూగుల్ వారు ఎన్‌డీకే అనే పనిముట్ల పెట్టె ఒకటి ఇస్తున్నారు. మొదట్లో అందులో జీసీసీ అనే దర్జీ ఉండేవాడు. 2018లో వాణ్ణి పూర్తిగా తీసేసి క్లాంగ్ అనే దర్జీకే పని అప్పగించారు.

ఈ దర్జీకి కొలతలు చెప్పాలి. ఏ వంశం ప్రాసెసరు, 32 బిట్లదా 64 బిట్లదా, కనీసం ఏ ఆండ్రాయిడు వెర్షను మీద నడవాలి, ప్రోగ్రాము వేగంగా ఉండాలా లేక చిన్నదిగా ఉండాలా, ఇవన్నీ సెట్టింగుల ఫైల్లో రాసివ్వాలి. రాయనివాటికి తన అలవాటు ప్రకారం కానిస్తాడు. నేను రాసింది తక్కువ, వదిలేసింది ఎక్కువ.

గురువారం రాత్రి ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటరు అనే బొమ్మ ఫోను తెరిచి, దానికి సరిపడా కుట్టించి, 'గాజులు' అని కొట్టాను. ఏడు పాటలు టకటకా వచ్చాయి. మా ఆవిడని పిలిచి చూపించాను. "అత్తయ్యగారి ఫోనులో చూశారా?" అంది. "ఇందులో వస్తే అందులో రాదూ?" అని కసిరి పడుకున్నాను.

తెల్లారి సెట్టింగుల్లో ఆర్మ్ 64 అని మార్చి, కుట్టించి, అమ్మ ఫోనులో పెట్టబోదును గదా, 'యాప్ ఇన్‌స్టాల్ కాలేదు' అంది ఫోను. మళ్లీ పెట్టాను. మళ్లీ అదే మాట. ఆ ఫోను మా తమ్ముడు కొత్తది కొనుక్కుని అమ్మకి ఇచ్చిన పాత చవక ఫోను. పెట్టె మీద 64 బిట్ల ప్రాసెసరని ఘనంగా అచ్చు వేశారు. తీరా కేబులు తగిలించి, గెట్‌ప్రాప్ అనే ఆజ్ఞతో ఫోన్నే అడిగితే అసలు సంగతి బయటపడింది. లోపల వేసిన ఆండ్రాయిడు 32 బిట్లది. మెమరీ తక్కువున్న చవక ఫోన్లలో ఇలా చేసినవి చాలానే ఉన్నాయి. 2019 ఆగస్టు నుంచీ ప్లే స్టోరులో 64 బిట్ల కూర్పు తప్పనిసరి అయింది గదా, ఇంక 32 వాళ్లెవరుంటారని నేను అనుకున్నాను. ఉన్నారు. మా ఇంట్లోనే, వంటింటి పక్క గదిలోనే ఉన్నారు!

పాతదానికీ కొత్తదానికీ రెంటికీ కుట్టమని సెట్టింగుల్లో రెండు పేర్లూ రాశాను. ఈసారి ఫోను మారు మాట్లాడకుండా పుచ్చుకుంది. అమ్మ కళ్లజోడు సవరించుకుని, తన చేత్తోనే 'గాజులు' అని కొట్టింది.

'ఒక్క పాటా దొరకలేదు' అని వచ్చింది.

'లాలి' అని కొట్టింది. లేదు. 'హారతి' అని కొట్టింది. అదీ లేదు. అమ్మ ఫోను మంచం మీద పెట్టేసింది.

"పోనీలేరా. నీకు ఆఫీసు పనులున్నాయి. నాకు నోటికి వచ్చినవే పాడతాను" అంది.

నోటికి వచ్చినవి ఎన్ని మిగిలాయో నాకు తెలుసు. కిందటి శ్రావణంలో పేరంటాళ్లందరి ముందూ హారతి ఎత్తుకుని, రెండో చరణం దగ్గర ఆగిపోయింది. పక్కావిడ అందుకుని పూర్తి చేసింది. ఆ రాత్రి అమ్మ అన్నం తినలేదు. ఈ సంగతి గుర్తొచ్చి, ఆఫీసుకి సెలవు పెట్టాను.

రాత్రి ఏడు పాటలు చూపిన ప్రోగ్రాము పొద్దున్న ఒక్కటీ లేదనడమేమిటి? గుడ్డ అదే, దర్జీ అతనే. పాటలు ఫోనులోకి చేరలేదేమోనని చూశాను. చేరాయి. చివరికి 'గ' అనే ఒక్క అక్షరాన్ని పట్టుకుని, అది లోపల ఏ అంకెలుగా కనబడుతోందో రెండు చోట్లా అచ్చు వేయించాను. అక్కడ దొరికింది దొంగ.

కంప్యూటరుకి అక్షరాలు తెలియవు. అన్నీ అంకెలే. యూనికోడులో తెలుగు అక్షరం ఒక్కొక్కటి యూటీఎఫ్-8 అనే పద్ధతిలో మూడు అంకెలుగా నిలవుంటుంది. 'గ' అంటే 224, 176, 151. ఇంగ్లీషు అక్షరానికి ఒక్కటే అంకె, అదీ 127 దాటదు. మన అక్షరాల అంకెలన్నీ 127 పైనే. సీ భాషలో ఇలాటి చిన్న అంకె పెట్టుకునే అరని చార్ అంటారు. ఆ అరలో 0 నుంచి 255 దాకా పెట్టుకోవచ్చు. లేదా సగం రుణ సంఖ్యలకు కేటాయించి, -128 నుంచి 127 దాకా పెట్టుకోవచ్చు. ఈ రెంటిలో ఏది అనేది 1989 నాటి సీ ప్రమాణమే తేల్చలేదు. మీమీ ఇంటి ఆచారం ప్రకారం కానివ్వండని వదిలేసింది.

ఇంటెల్ ఇంట్లో రుణ సంఖ్యల ఆచారం. అక్కడ 'గ' చూస్తే -32, -80, -105 అని కనబడుతుంది. ఆర్మ్ ఆండ్రాయిడు ఇంట్లో రుణం లేదు. అక్కడ 224, 176, 151 అనే కనబడుతుంది. మొదటితరం ఆర్మ్ ప్రాసెసర్లకు గుర్తు లేని అంకె చదవడమే సులువు. రుణ సంఖ్య కావాలంటే అదనపు చాకిరీ ఉండేది. ఆ ఆచారం అలా నిలిచిపోయింది. తమాషా ఏమిటంటే, ఐఫోనుదీ ఆర్మ్ వంశమే, కాని ఆ ఇంట్లో రుణ సంఖ్యలే ఆచారం. అన్నదమ్ముల ఇళ్లలోనే పద్ధతులు వేరుగా ఉండవూ?

నేను పదిహేనేళ్ల క్రితం ఏం రాశానంటే, 'అంకె సున్నాకంటె తక్కువైతే అది తెలుగు అక్షరం, లేకపోతే ఇంగ్లీషు, వదిలెయ్యి' అని. నా ల్యాప్‌టాప్‌లో అది అక్షరాలా నిజం. అమ్మ ఫోనులో సున్నాకంటె తక్కువ అంకె పుట్టనే పుట్టదు. అంచేత నోటుబుక్కు నోటుబుక్కంతా ఇంగ్లీషు కింద జమకట్టి పక్కన పారేసింది. మా అమ్మమ్మ వింటే ఏమనేదో!

మందు చిన్నదే. సెట్టింగుల ఫైల్లో 'ఎఫ్ సైన్డ్ చార్' అనే జెండా ఒకటి ఎగరేస్తే, చార్ అరని ఇంటెల్ వారి ఆచారం ప్రకారం చూడమని దర్జీకి చెప్పినట్టే. ఒక్క ముక్క చేర్చాను. కుట్టించాను. మధ్యాహ్నం ఒంటిగంటకి అమ్మ 'గాజులు' అని కొట్టింది. ఏడు పాటలూ వచ్చాయి. అమ్మ ఏమీ అనలేదు. మొదటి పాట తెరిచి, ఫోను కంటికి దగ్గరగా పెట్టుకుని, లోగొంతుకతో పాడుకోవడం మొదలుపెట్టింది. ఇంట్లో అందరం భోజనాలు ఆలస్యంగా చేశాం.

ఆ జెండా రైలు వేళకి చేసిన ఉపాయం మాత్రమే. తప్పు దర్జీది కాదు, నాది. నా ఇంటి ఆచారమే లోకాచారమనుకుని, చెప్పవలసింది చెప్పకుండా రాశాను. అమ్మ రైలెక్కాక, ఆ అరలన్నీ గుర్తు లేనివని ప్రోగ్రాములోనే స్పష్టంగా రాసి, '127 దాటితే తెలుగు' అని దిద్దుకున్నాను. ఇప్పుడది ఏ ఇంట్లోనైనా ఒకేలా నడుస్తుంది. ఈ వృత్తిలో ఉన్న పిల్లలెవరైనా ఈ పేజీ చదువుతూంటే వారికి చెప్పేది ఇది. బొమ్మ ఫోనులో పని చేసిందని మురిసిపోకండి. వాడబోయే మనిషి చేతిలోని ఫోన్ను ముందు అడగండి. కంపైలరు అలవాటు మీద వదిలేసిన ప్రతి సెట్టింగూ, ఎప్పుడో ఒకప్పుడు ఎవరి ఇంట్లోనో నిలదీస్తుంది.

మరో మాట కూడా. మంచి దర్జీ కుట్టు లోపల కొంచెం గుడ్డ వదులుతాడు, రేపు ఒళ్లు చేస్తే విప్పుకోవడానికి. ఇక్కడా అలాటిది ఉంది. ఫోన్లు మెమరీని పేజీలుగా పంచుకుంటాయి. ఇన్నాళ్లూ పేజీ 4 కిలోబైట్లు. కొత్త ఫోన్లలో 16 కిలోబైట్ల పేజీలు వస్తున్నాయి. 2025 నవంబరు 1 నుంచి, ఆండ్రాయిడు 15నీ ఆపై వెర్షన్లనీ ఉద్దేశించి ప్లే స్టోరుకి వచ్చే యాప్‌లు దానికి సరిపడి ఉండాలని నిబంధన. లింకరు సెట్టింగులో గరిష్ఠ పేజీ పరిమాణం 16384 అని రాస్తే చాలు. ఎన్‌డీకే 28వ కూర్పు నుంచి అది దానంతటదే అలా కుడుతుంది. 16కి కుట్టింది 4 ఉన్న పాత ఫోనులోనూ చక్కగా పడుతుంది. నేనూ వదిలి కుట్టించాను.

ఆదివారం రాత్రి అమ్మ తునినుంచి ఫోను చేసింది. గాజుల పాట పూర్తిగా పాడిందట. దొడ్డమ్మ విని, "ఇందులో ఇంకో రెండు చరణాలున్నాయే, అమ్మ రాసుకోలేదు గాని నాకు వచ్చు" అని అందుకుందట.

"మనవరాలితో చెప్పరా, వాటిని కూడా ఎక్కించమని. అవి చెబుతాను, రాసుకో" అంది.

కాగితం కోసం వెతుక్కుంటూంటే మా ఆవిడ పెన్ను అందిస్తూ మెల్లిగా అడిగింది:

"దొడ్డమ్మగారికీ పాటలు పెట్టివ్వమంటారు చూడండి. ఆవిడ ఫోను ఆది తీసుకున్నారా?"