దాచిన నిజానికి జవాబుదారీ ఎవరు?

"వాపస్ ఇచ్చెయ్‌రాదు వదినా!" అంటారు ఇరుగుపొరుగు చాలా తేలిగ్గా. దత్తత తెచ్చుకున్న పాపకు రెండేళ్లొచ్చినా మాట రాకపోతే, పిలిస్తే తిరిగి చూడకపోతే, మా షాద్‌నగర్‌లోనైనా హైదరాబాద్‌లోనైనా ముందు వినిపించే సలహా ఇదే. చిరుగున్న చీర మార్చుకున్నంత సులువనుకుంటారు కాబోలు! ఆ తల్లిని తొలిచే ప్రశ్న మాత్రం వేరు. "ఈ సంగతి వాళ్లకు ముందే తెలుసా? తెలిస్తే నాకెందుకు చెప్పలేదు?"

న్యాయమైన ప్రశ్నే. మరి చట్టం ఏమంటోంది?

1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం 15వ సెక్షన్ ప్రకారం సక్రమంగా జరిగిన దత్తతను ఎవరూ రద్దు చేసుకోలేరు. శిశుగృహాల ద్వారా జరిగే దత్తతలకు 2015 నాటి బాలల న్యాయ చట్టం, 2022 నాటి దత్తత నిబంధనలు వర్తిస్తాయి. 2022 సెప్టెంబరు నుంచి ఈ ఉత్తర్వు ఇచ్చేది జిల్లా కలెక్టరు. ఉత్తర్వు రాకముందు ఆగిపోవచ్చు. వచ్చాక రద్దు కోరితే మళ్లీ కలెక్టరు ముందుకే వెళ్లాలి. అక్కడ ముందు చూసేది బిడ్డ మేలు, ఆ తరువాతే మన నిరాశ.

అందుకే మన బలమంతా సంతకానికి ముందే ఉంది. బిడ్డను చూపించేటప్పుడు వైద్య పరీక్షల నివేదిక, బిడ్డ వివరాల నివేదిక ఇస్తారు. వాటిని మనకు నమ్మకమున్న డాక్టరుకు చూపించుకోవచ్చు. ఫొటో చూసి మురిసిపోయి ఆ కాగితాలను బీరువాలో పెట్టేయకండి. ఎక్కడైనా గడి ఖాళీగా వదిలేస్తే రాసి అడగండి, జవాబూ రాతలోనే తీసుకోండి. రేపు దాచారని రుజువు చేయాలన్నా ఆ కాగితమే సాక్ష్యం.

బ్రోకరు ద్వారా గుట్టుగా తెచ్చుకుంటే? అడగడానికి కాగితమూ ఉండదు, మనిషీ ఉండడు. పైగా పిల్లల్ని కొనడం ఐదేళ్ల దాకా కఠిన శిక్ష పడే నేరం.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో బర్ దంపతులు 1964లో ఒక బాబును పెంచుకున్నారు. ఆరోగ్యవంతుడని, పదెనిమిదేళ్ల పిల్లకు పుట్టాడని చెప్పారు అధికారులు. నిజానికి తల్లి మానసిక వైద్యశాలలో ఉన్న నడివయసు మనిషి. 1982లో అతనికి వంశపారంపర్యపు మెదడు జబ్బు బయటపడింది. దంపతులు కోర్టుకెళ్లింది కొడుకును వదిలించుకోవడానికి కాదు, అబద్ధం చెప్పినందుకు పరిహారం కోసం. 1986లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1,25,000 డాలర్ల తీర్పును ఖాయం చేసింది.

అయితే ప్రతిదీ దాచిందే కాదు. ఆటిజం లాంటివి నెలల పసికందులో డాక్టరుకైనా తేలవు. కన్నబిడ్డకైనా అంతే కదా! అలాంటప్పుడు దత్తతిచ్చిన సంస్థనే ముందు అడగండి. రెండేళ్ల పాటు ఆర్నెల్లకోసారి వచ్చి చూడాల్సిన బాధ్యత వాళ్లది. బుద్ధిమాంద్యమేమోనన్న అనుమానముంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. మనకేం దూరం కాదు.

తెలిసింది ఏమిటో, తెలియంది ఏమిటో విడివిడిగా రాసివ్వాలని సంస్థలను నిలదీద్దాం. దాచినవాళ్లు జవాబు చెప్పాలి, చికిత్స ఖర్చు భరించాలి. ఆ శిక్ష మాత్రం పాపకు వేయొద్దు. ఒకసారి తల్లి ఒడి పోగొట్టుకున్న పసిది రెండోసారీ పోగొట్టుకోవాలా?