తొలి కాన్పుకూ మలి కాన్పుకూ నడుమ

పద్దెనిమిదేళ్లు నిండని బాలికకు వివాహం చేయరాదని 2006 చట్టం శాసిస్తున్నది. అయినా పదిహేడేళ్లకే తల్లులవుతున్నవారు ఉన్నారు. వారిలో కొందరు ఇరవై నిండకుండానే రెండవ బిడ్డనూ ఎత్తుకుంటున్నారు. మొదటి కాన్పుపై సభలు జరుగుతాయి. రెండవదానిని పట్టించుకునేవారు అరుదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15-19 ఏళ్ల వారిలో అప్పటికే తల్లులైనవారు, గర్భవతులు కలిసి తమిళనాడులో 6.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 12.6 శాతం. దేశ సగటు 6.8. ఈ రెండు రాష్ట్రాల అంచున ఉన్నవి తిరువళ్లూరు జిల్లాలోని తిరుత్తణి, పళ్లిపట్టు ప్రాంతాలు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రంలో చేరింది. హద్దు మారినది గాని వియ్యాలు మారలేదు. నగరి, పుత్తూరు వైపు పిల్లనిచ్చి పుచ్చుకోవడం నేటికీ ఉన్నదే.

తొలి గర్భానికి కారణాలు తెలిసినవే: చదువు ఆగిపోవడం, పేదరికం, మేనరికపు మాట, పిల్ల ఎవరితోనైనా వెళ్లిపోతుందేమోనన్న భయం. మలి గర్భానికి కారణం వేరు. రెండు రాష్ట్రాలలోనూ కుటుంబ నియంత్రణ అంటే ప్రధానంగా స్త్రీకి చేసే ఆపరేషనే. పిల్లలు చాలనుకున్న తరువాతనే అది. అంతవరకు ఎడం పాటించే సాధనాల వాడకం తక్కువ. కాన్పు తరువాత మరల గర్భం దాల్చడానికి కనీసం 24 నెలల వ్యవధి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఆ మాట చెప్పవలసిన గ్రామ నర్సుకు బాలింత అందుబాటులో ఉండాలి కదా! తొలి కాన్పు పుట్టింట. ఆపై అత్తవారింటికి ప్రయాణం. ఆ ఇల్లు సరిహద్దుకు ఆవల ఉంటే, ఒక రాష్ట్రపు నర్సు ఎరిగిన తల్లి మరొక రాష్ట్రంలో కొత్త మనిషి అవుతుంది.

దీనికి తోడు కేసు భయం. 2012 పోక్సో చట్టం ప్రకారం మైనరు గర్భవతి వస్తే వైద్యులు పోలీసులకు తెలుపవలసిందే. భార్య అయినా మైనరైతే నేరమేనని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇవి బాలికకు రక్షణలే. కాని భర్త జైలు పాలవుతాడన్న బెదురుతో కుటుంబాలు ఆసుపత్రి గడప తొక్కడానికి జంకుతాయి. గర్భస్రావం కోరే మైనరు పేరును, ఆమె కోరితే, పోలీసులకు వెల్లడించనక్కరలేదని 2022లో అదే కోర్టు చెప్పిన సంగతి ఎందరికి తెలుసు?

వివాహ సహాయ పథకాన్ని తమిళనాడు 2022లో పుదుమై పెణ్‌గా మార్చి, ప్రభుత్వ పాఠశాలల్లో చదివి పైచదువుకు వెళ్లే బాలికలకు నెలకు రూ.1000 ఇవ్వసాగింది. పెళ్లికి కాక చదువుకు సొమ్మివ్వడం మేలైన మార్పు. అయితే అది తొలి గర్భాన్ని వాయిదా వేయగలదేమో గాని, ఇప్పటికే చంకన బిడ్డ ఉన్న పిల్లకు అక్కరకు రాదు. ఆమెకు కావలసినది రెండు రాష్ట్రాల నర్సుల నడుమ ఒక కబురు, ఎడం పాటించే సాధనం, తిరిగి బడికి దారి. తప్పు చేసినదని ఆమెను విడిచిపెడితే, మలి కాన్పు భారమూ ఆమెపైనే పడుతుంది.