గెలకు లెక్కుంది, మెడకు లెక్కేది?

పామాయిల్ గెల ఎన్ని కిలోలు తూగిందో మన రైతుకు తెలుసు. ఈ నెల టన్ను రేటెంతో, నూనె శాతం ఎంత కట్టారో కూడా తెలుసు. ఆ గెలను కోసి, మోసి, ట్రాక్టరుకెక్కించిన మెడ ఎంత అరిగిందో మాత్రం ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. యాభై దాటిన రైతును అడిగితే, ‘వయసొచ్చింది, మెడ పట్టేస్తోంది, ఏం చేస్తాం’ అంటాడు. వయసు నిజమే. కానీ వయసు ఒక్కటే కాదు, మెడ మీద మనం పెట్టే పని కూడా ఉంది. వయసును ఆపలేం గానీ పని తీరు మార్చుకోవచ్చు.

మెడలో ఏడు పూసలుంటాయి. పైరెండింటి నడుమ తప్ప మిగతా పూసల మధ్య మెత్తటి దిండ్లలాంటి డిస్కులుంటాయి. నడివయసు నుంచి వీటిలో తడి తగ్గి పలచబడతాయి. పూసల అంచుల్లో ఎముక పెరుగుతుంది. డాక్టర్లు దీన్ని సర్వైకల్ స్పాండిలోసిస్ అంటారు. మన ఊళ్లలో ‘స్పాండిలైటిస్’ అనేది దీన్నే. అరవై దాటినవారిలో చాలామందికి ఎక్స్‌రే తీస్తే ఈ అరుగుదల కనబడుతుంది. వారిలో ఎంతోమందికి నొప్పే ఉండదు. కనుక ‘పూసలు అరిగిపోయాయి’ అనగానే బెంబేలెత్తిపోనక్కర్లేదు.

మరి మన అశ్వారావుపేట, దమ్మపేట ప్రాంతంలో దీన్ని ప్రత్యేకంగా ఎందుకు పట్టించుకోవాలి? మన పని అలాంటిది. తోట లేతగా ఉన్నప్పుడు ఉలితో గెల దించుతాం. చెట్టు ఎదిగాక పొడవాటి గెడకు కొడవలి బిగించి, తల పూర్తిగా వెనక్కి వాల్చి, పైకి చూస్తూ లాగాలి. పది పదిహేను రోజులకోసారి కోత, అదీ ఏడాది పొడుగునా. తల వెనక్కి వాల్చినప్పుడు మెడలో నరాలు బయటికొచ్చే దారులు ఇరుకవుతాయి. ఇప్పటికే అరిగిన మెడకు ఆ ఇరుకే నొప్పి తెస్తుంది. ఆ తర్వాత మోత. ఒక్కో గెల పది నుంచి పాతిక కిలోలు, ముదురు తోటల్లో ఇంకా ఎక్కువ. కూలి టన్ను లెక్కన కుదిరితే ఎంత తొందరగా మోస్తే అంత లాభం. నాలుగైదెకరాల రైతయితే కూలి మిగులుతుందని తానే మోస్తాడు. అడవి అంచు గూడేల్లో ఆడవాళ్ల నెత్తిన కట్టెల మోపు, నీళ్ల బిందె ఉండనే ఉన్నాయి. తలమీద బరువులు మోసేవారి మెడపూసలు మోయనివారి కంటే ఎక్కువగా అరుగుతున్నాయని ఘనా వంటి ఆఫ్రికా దేశాల్లో జరిగిన పరిశీలనలు చెప్పాయి.

బరువుకు హద్దుండాలన్న మాట కొత్తదేం కాదు. మగమనిషి మోసే బరువు 55 కిలోలు దాటితే తగ్గించే ఏర్పాటు చేయాలని, ఆడవారికి అంతకంటే బాగా తక్కువ ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. మనదగ్గర 75 కిలోల ధాన్యం బస్తాలు మోసి మెడలు అరగదీసుకున్న తరం ఇంకా బతికే ఉంది. 2018లో యూరియా బస్తా 50 కిలోల నుంచి 45 కిలోలకు తగ్గింది. అది కూడా ఎరువు వాడకం తగ్గాలని చేసిందే తప్ప రైతు మెడను చూసి కాదు.

ఇక వైద్యం సంగతి. మెడ పట్టేసిందంటే మనం చేసేవి మూడు: సూది వేయించుకోవడం, మందుల షాపులో బిళ్లలు కొనుక్కోవడం, సెలూన్లో మెడ విరిపించుకోవడం. మూడింటిలోనూ ముప్పుంది. నొప్పి బిళ్లలు డాక్టరు చెప్పినన్ని రోజులు వాడితే మందు, నెలల తరబడి మింగితే కడుపులో పుండు, కిడ్నీలకు చేటు. బీపీ, షుగరు ఉన్నవారికి మరీ ప్రమాదం. స్టెరాయిడ్ సూది వేస్తే ఆ పూటకు హాయిగా ఉంటుంది, మాటిమాటికీ వేయించుకుంటే షుగరు పెరిగి ఎముకలు గుల్లబారతాయి. మెడను టక్కున తిప్పి మెటిక విరిపించుకోవడం ఇంకా చెడ్డది. మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళాలు మెడలోంచే పోతాయి. అవి దెబ్బతిని పక్షవాతం వచ్చినవారున్నారు.

అసలు వైద్యం ఖర్చులేనిది. ఎక్కువమందికి కొత్తగా వచ్చిన నొప్పి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. ఆ రోజుల్లో బరువు మానాలి, పైకి చూసే పని మానాలి. అలాగని మంచానికి అంటుకుపోకూడదు, మెల్లగా తిరుగుతుండాలి. వేడి కాపడం పెట్టుకోవచ్చు. తలకింద ఎత్తు దిండ్లు వద్దు, పల్చటిది ఒక్కటి చాలు. పట్టీ అంటే కాలర్, డాక్టరు చెప్పిన కొద్దిరోజులే. అదే పనిగా వేసుకుంటే మెడ కండలు నీరసిస్తాయి. చుట్ట, బీడీ డిస్కులకూ చేటే.

నొప్పి సర్దుకున్నాక ఈ వ్యాయామం చేయాలి. అరచేయి నుదుటికి ఆనించి తలతో చేతిని, చేత్తో తలను నెట్టాలి. తల కదలకూడదు. అయిదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. అలాగే తల వెనక, రెండు పక్కలా. ఒక్కోవైపు పదిసార్లు, ఉదయం సాయంత్రం. చేతిలోకి తిమ్మిరి దిగితే ఆపేసి డాక్టరుకు చూపించాలి.

కొన్ని గుర్తులు కనబడితే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకూడదు. చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడం, అన్నం ముద్ద వేళ్ల నుంచి జారిపోవడం, నడకలో తూలు, కాలి చెప్పు ఊడిపోయినా తెలియకపోవడం, మూత్రం పట్టు తప్పడం – ఇవి వెన్నుపాము నలుగుతోందనడానికి గుర్తులు. చాలాసార్లు వీటితో నొప్పే ఉండదు. ‘నొప్పి లేదుగా’ అని ఊరుకుంటే మనిషి మంచాన పడతాడు. ఇక్కడ ఆపరేషన్ అవసరం పడవచ్చు. అది పోయిన బలాన్నంతా తిరిగి తెస్తుందని చెప్పలేం, ఉన్నది పోకుండా కాపాడుతుంది. అందుకే ముందు వెళ్లడం ముఖ్యం. తెల్లకార్డు ఉన్నవారు ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి తమ ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో ఉందేమో అడగాలి. తెలంగాణలో 2023 డిసెంబరులో ఆ పథకం పరిమితిని పది లక్షలకు పెంచారు. మెడనొప్పితో జ్వరం ఉండి మనిషి చిక్కిపోతుంటే అది పూసల క్షయ కావచ్చు. చెట్టు మీదనుంచి పడ్డాక వచ్చిన నొప్పయినా, చెమటలు పోసి ఎడమచేయి లాగినా వెంటనే ఆసుపత్రికి పోవాల్సిందే.

అయితే మెడను కాపాడుకోవడం రైతు ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. గెలను నెత్తిన పెట్టకుండా బాట దాకా తోసుకెళ్లే చిన్న బండి తోటకొకటి కావాలి. కేంద్రం 2021లో తెచ్చిన వంటనూనెల మిషన్‌లో పామాయిల్ కోత పనిముట్లకు సాయం ఉంది. తేలికైన అల్యూమినియం గెడలు, మోటారు కోత పరికరాలు కొనాలంటే చిన్న రైతుకు ఒక్కడికీ భారమే. నలుగురైదుగురు కలిసి కొనుక్కోవచ్చు. ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీ దగ్గర అద్దెకిచ్చే ఏర్పాటు చేస్తే ఇంకా మంచిది. మన వ్యవసాయ కళాశాల, ఉద్యాన పరిశోధన స్థానం ఎకరాకు ఎన్ని టన్నులో లెక్క తీస్తున్నట్లే, ఏ పనిముట్టుతో కోస్తే మెడకు శ్రమ తగ్గుతుందో కూడా చూడాలి. ప్రభుత్వాసుపత్రిలో వారానికి ఒకరోజైనా ఫిజియోథెరపిస్టు ఉండి వ్యాయామాలు నేర్పాలి. సూదికి పెట్టే ఖర్చు అప్పుడు మిగులుతుంది.

ఇవన్నీ వచ్చేదాకా మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. కోత కోసేటప్పుడు చెట్టుకు మరీ దగ్గరగా నిలబడకుండా కాస్త ఎడంగా ఉంటే తల అంతగా వాల్చనక్కర్లేదు. ఒకడే పొద్దంతా కోయకుండా కోతా మోతా మార్చుకోవాలి. తూకానికి గెల తగ్గితే రైతు గొడవ పెట్టుకుంటాడు. మెడకు తిమ్మిరి వస్తే ఎందుకు ఊరుకోవాలి? చెట్టు పోతే మొక్క నాటుకోవచ్చు, మెడకు మారు మెడ దొరకదు.