గదిలోనే ఎనిమిది దృశ్యాలు

సెలవు రోజు ఇంటికి ఫోన్ చేస్తే పిల్లలు మొదట అడిగేది, "అక్కడ ఏమేం చూశారు?" అని. ఆఫీసు, రూము తప్ప ఏం చూశాం మనం? మాకూ చాలాకాలం జవాబు దొరకలేదు. చివరికి పాత జపాన్ బొమ్మల్లో దొరికింది. ఈ వారం ఆ సంగతే చెప్పుకుందాం.

చైనాలో సియావో, సియాంగ్ నదుల ప్రాంతపు అందాలను ఎనిమిది దృశ్యాలుగా గీయడం దాదాపు వెయ్యేళ్ళ నాటి అలవాటు. రేవుకు తిరిగొచ్చే తెరచాపలు, శరత్కాలపు చంద్రుడు, సాయంత్రం గుడిగంట, రాత్రి వాన, వాలుతున్న అడవి బాతుల బారు... ఇలా ఎనిమిది. జపాన్ వాళ్ళు కూడా అదే పద్ధతిలో తమ బివా సరస్సుకు ఎనిమిది దృశ్యాలు ఎంచుకున్నారు.

1766 ప్రాంతంలో ఎడోలో, అంటే నేటి టోక్యోలో, సుజుకి హరునోబు అనే చిత్రకారుడు ఆ ఎనిమిదింటినీ ఇంట్లోకి తెచ్చేశాడు. నది లేదు, కొండ లేదు. దండెం మీద గాలికి ఉబ్బిన తువ్వాలే తెరచాప. గుండ్రటి అద్దమే చంద్రుడు. గడియారం కొట్టే గంటే గుడిగంట. టీ కోసం నీళ్ళు మరిగే చప్పుడే రాత్రి వాన. కోతో అనే తంత్రీవాద్యం మీద ఏటవాలుగా నిలబెట్టిన మెట్లే బాతుల బారు. దీపం సంధ్యవెలుగు, ఆరబెట్టిన పట్టుదూది మంచు, విసనకర్ర గాలి మబ్బు విడగొట్టే గాలి.

తమాషా ఏమిటంటే, బొమ్మలో తువ్వాలు తువ్వాలుగానే ఉంటుంది. పడవ ఎక్కడా గీయలేదు. దాన్ని ఊహించుకోవడం చూసేవాళ్ళ వంతు. అయినా పనిలో ఎక్కడా తేలిక చేయలేదు. రంగుకో చెక్క అచ్చు చెక్కి, ఒకే కాగితం మీద ఒకదాని తర్వాత ఒకటి గీత తప్పకుండా అద్దాలి. ఎడోలో ఇలా నిండు రంగుల్లో అచ్చువేయడం మొదలైంది 1765లోనే. అంత కొత్త పనితనాన్ని తువ్వాలుకూ కెటిల్‌కూ ఖర్చుపెట్టారన్నమాట!

ఇది చదివాక మేం రూములో ఓసారి కలయజూశాం. తాడు మీద మా లుంగీలు. స్టవ్ మీద కుక్కర్. కిటికీ పక్కన చెయ్యంత అద్దం. మాలో ఒకరు ఆ రోజే ఫోన్లో కూతురికి ఇవన్నీ వర్ణించి చెప్పారు. "అయితే మనింట్లో కూడా ఉంటాయా నాన్నా?" అందట ఆ పాప. అప్పట్నుంచి ప్రతి వారం ఇల్లంతా వెతికి ఒకటి చెబుతోంది. ఇప్పటికి నాలుగయ్యాయి.

మీ రూములో ఎన్ని ఉన్నాయో ఈ సెలవుకు లెక్కపెట్టండి. ఇంటికి చెప్పడం మరవకండి.